సోలార్‌ను తిట్టే ముందు న్యూట్రల్ చూడండి

పాడి రైతుకు పాలు విరగడం కంటే పెద్ద కష్టం లేదు. తెల్లవారుజామున లేచి, పేడ ఎత్తి, మేత వేసి, పిండి తెచ్చి పోసిన పాలు మధ్యాహ్నానికి పుల్లబడితే ఆ పూట కష్టమూ దాణా ఖర్చూ రెండూ మట్టిలో కలిసినట్టే. రెండు ఆవులున్న ఇంటికి ఒక పూట పాలు పోతే ఆ వారం కిరాణా బాకీ పడుతుంది.

చిత్తూరు జిల్లా పలమనేరు వైపు ఒక గ్రామంలో మొన్నటి వేసవిలో ఇలాగే జరిగింది. మహిళా సంఘం నడిపే పాల శీతలీకరణ కేంద్రం అది. కరెంటు బిల్లు తగ్గుతుందని షెడ్డు కప్పు మీద 15 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించారు. మొదటి రెండు నెలలు బిల్లు బాగానే తగ్గింది. ఎండలు ముదిరాక తిప్పలు మొదలైనాయి. మధ్యాహ్నం పదకొండు దాటితే చాలు, సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతుంది. నిమిషం తర్వాత మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగిపోతుంది. లైట్లు ఒకసారి కళ్లు చెదిరేలా వెలుగుతాయి, ఒకసారి గుడ్డిదీపాలవుతాయి. ఒకరోజు కూలర్ కంట్రోలు బోర్డు కాలింది. మోటారు నిక్షేపంగా ఉంది, కానీ దాన్ని నడిపించే బోర్డు లేదు. ఎవరూ గమనించలేదు. ట్యాంకరు వచ్చేసరికి ఆరు వందల లీటర్ల పాలు విరిగి ఉన్నాయి. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న రెండు ఇళ్లలో టీవీలు కూడా పోయాయి.

సోలార్ పెట్టినవాళ్లను పిలిస్తే "మా పలకలు బాగున్నాయి, లైనులోనే తేడా" అన్నారు. లైనువాళ్లను అడిగితే "సోలార్ పెట్టాకే కదా ఈ గొడవ" అన్నారు. ఇద్దరి మధ్య సంఘం ఆడవాళ్లు పది రోజులు తిరిగారు. చివరకు అనుభవమున్న ఎలక్ట్రీషియన్ ఒకాయన టాంగ్ టెస్టర్ తెచ్చి, లైన్‌మన్‌ను పక్కన పెట్టుకుని రెండు గంటల్లో తేల్చాడు. తప్పు రెండువైపులా ఉంది. ఆ రెండూ కలిసింది న్యూట్రల్ తీగె దగ్గర.

ఇప్పుడు పాల కేంద్రాలు, పిండిమిల్లులు, నూనె గానుగలు, రైతు సంఘాల గోదాములు చాలాచోట్ల సోలార్ పెట్టించుకుంటున్నాయి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక ఇళ్ల మీద కూడా పలకలు పెరుగుతున్నాయి. కాబట్టి ఈ న్యూట్రల్ సంగతి ప్రతి రైతు సంఘమూ తెలుసుకోవడం అవసరం.

న్యూట్రల్ పని ఏమిటి?

ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు పైనుంచి 11 వేల వోల్టులు మూడు తీగెల మీద వస్తాయి. కింద నుంచి నాలుగు తీగెలు బయటికి వెళతాయి. ఎరుపు, పసుపు, నీలం అనే మూడు ఫేజులు, నాలుగోది న్యూట్రల్. ఏ రెండు ఫేజుల మధ్య కొలిచినా సుమారు 400 నుంచి 433 వోల్టులు ఉంటుంది. ఒక ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 నుంచి 250 దాకా ఉంటుంది. ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, టీవీ, కూలర్ కంట్రోలు బోర్డు వంటివి ఒక ఫేజు, న్యూట్రల్ మీద నడుస్తాయి. త్రీఫేజ్ మోటారు మాత్రం మూడు ఫేజుల మీదే నడుస్తుంది, దానికి న్యూట్రల్‌తో పనిలేదు.

న్యూట్రల్‌లో కరెంటు ఉండదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఒక చిన్న పోలిక చెబుతాను. ఒక ఇనుప రింగుకు మూడు తాళ్లు కట్టి, ముగ్గురు మనుషులు మూడు వైపులకు సమాన దూరంలో నిలబడి సమానంగా లాగారనుకోండి. రింగు కదలదు. ఒకడు గట్టిగా, ఒకడు మెల్లగా లాగితే రింగు గట్టివాడి వైపు పోతుంది. అలా పోకుండా నాలుగో తాడు కట్టి పట్టుకోవాలి. ఆ నాలుగో తాడే న్యూట్రల్. మూడు ఫేజుల మీద లోడు సమంగా ఉంటే దాని మీద బరువు లేదు. తేడా ఎంత ఉంటే అంత బరువు అది మోయాలి.

లెక్కలో చూద్దాం. మూడు ఫేజుల్లోనూ 20 ఆంపియర్ల చొప్పున పోతుంటే న్యూట్రల్‌లో సున్నా. ఒకదానిలో 30, ఇంకొకదానిలో 20, మూడోదానిలో 10 పోతుంటే న్యూట్రల్‌లో సుమారు 17 ఆంపియర్లు ఉంటుంది. ఇది మామూలు కూడిక, తీసివేతల లెక్క కాదు. మూడు ఫేజులు మూడు దిక్కులకు లాగేవి కాబట్టి లెక్క అలా వస్తుంది.

సోలార్ వస్తే ఏం మారుతుంది?

లోడు అంటే రింగును లాగేవాడు. సోలార్ అంటే ఎదురు తిరిగి రింగును నెట్టేవాడు. పగటిపూట పలకలు తయారుచేసే కరెంటు ముందు మన లోడుకు సరిపోతుంది. మిగిలింది లైను మీదికి ఎక్కుతుంది. సోలార్ మూడు ఫేజుల మీద సమంగా ఉంటే చిక్కు లేదు. ఒకే ఫేజు మీద ఉంటేనే చిక్కు.

పైన చెప్పిన 20, 20, 20 లెక్కే తీసుకోండి. ఎరుపు ఫేజు మీద మాత్రమే సోలార్ ఉండి 20 ఆంపియర్లు ఇస్తోంది. ఆ ఫేజులో లైను నుంచి వచ్చేది సున్నా అయింది. బిల్లుకు మంచిదే. కానీ న్యూట్రల్‌లో 20 ఆంపియర్లు మొదలవుతుంది. అదే సోలార్ 40 ఆంపియర్లు ఇస్తే న్యూట్రల్‌లో కూడా 40 అవుతుంది. అంటే సోలార్ రాకముందు ఖాళీగా ఉన్న తీగె ఇప్పుడు ఫేజుల కంటే ఎక్కువ మోస్తోందన్నమాట.

పలమనేరు వైపు పాల కేంద్రంలో జరిగిన మొదటి తప్పు ఇదే. 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్లు మూడు పెట్టారు. వైరింగు సులువని రెండింటిని ఎరుపు ఫేజుకు, ఒకదాన్ని పసుపు ఫేజుకు కలిపారు. నీలం ఫేజుకు ఏమీ లేదు. ఎండ బాగా ఉన్నప్పుడు ఒక్కో ఇన్వర్టర్ 17 ఆంపియర్లు ఇస్తోంది. ఎరుపు మీద 34, పసుపు మీద 17. న్యూట్రల్‌లో సుమారు 29 ఆంపియర్లు తేలింది. అక్కడ ఉన్నది 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. దాని నిండు కరెంటే ఫేజుకు 33 ఆంపియర్లు. అంటే న్యూట్రల్ దాదాపు నిండు లోడు మోస్తోంది.

ఇళ్ల సోలార్‌లో కూడా ఇదే ప్రమాదం ఉంది. 3 కిలోవాట్ల ఇన్వర్టర్ సుమారు 13 ఆంపియర్లు ఇస్తుంది. ఒక వీధిలో పది ఇళ్లకు పెట్టి, పదీ ఒకే ఫేజు మీద పడితే 130 ఆంపియర్లు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండు కరెంటు ఫేజుకు 133 ఆంపియర్లు. ఇది చూస్తే ఫేజులు పంచడం ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

న్యూట్రల్ వదులైతే?

రెండో తప్పు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జరిగింది. న్యూట్రల్ బోల్టు ఇత్తడిది. దానికి అల్యూమినియం తీగెను నేరుగా చుట్టి నట్టు బిగించారు. ఈ రెండు లోహాలు నేరుగా తగిలితే తేమకు తుప్పు పడుతుంది, తెల్లటి పొడి చేరుతుంది. కరెంటు పోతుంటే అతుకు వేడెక్కుతుంది, రాత్రికి చల్లారుతుంది. ఇలా రోజూ వేడెక్కి చల్లారి నట్టు వదులవుతుంది. అతుకు వదులైతే ఇంకా వేడి. చివరికి మాడి తెగుతుంది. అందుకే ఇక్కడ రెండు లోహాలకూ పనికొచ్చే బైమెటల్ క్లాంపు గానీ లగ్గు గానీ వాడాలి.

సోలార్ లేకముందు ఆ న్యూట్రల్‌లో రెండు మూడు ఆంపియర్లే పోయేది. వదులు అతుకైనా నెట్టుకొచ్చింది. 29 ఆంపియర్లు పడేసరికి తట్టుకోలేకపోయింది. కాబట్టి సోలార్ పెట్టినవాళ్ల మాట సగం నిజం, లైనువాళ్ల మాట సగం నిజం.

నాలుగో తాడు తెగితే రింగు ఎటు పోతుంది? గట్టిగా లాగేవాడి వైపు పోతుంది. అతని తాడు పొట్టిదవుతుంది, మెల్లగా లాగేవాడి తాడు పొడుగవుతుంది. కరెంటులోనూ అంతే. ఎక్కువ లోడు ఉన్న ఫేజులో వోల్టేజి పడిపోతుంది. తక్కువ లోడు ఉన్న ఫేజులో పెరుగుతుంది. ఒక ఫేజు మీద 1000 వాట్ల హీటరు, ఇంకో ఫేజు మీద 100 వాట్ల బల్బు మాత్రమే ఉండగా న్యూట్రల్ తెగిందనుకోండి. రెండూ కలిసి 400 వోల్టుల మధ్య పడతాయి. హీటరు వెచ్చబడదు. బల్బు మీద 360 వోల్టుల దాకా పడి ఢామ్మని పోతుంది. టీవీ, కంట్రోలు బోర్డు, పాల వెన్న చూసే మిషను, అన్నీ ఆ బల్బులాంటివే.

ఇన్వర్టర్ ఎందుకు ఆగింది? కేంద్ర విద్యుత్ సాధికార సంస్థ 2013లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, లైను వోల్టేజి మామూలు కంటే 110 శాతం దాటినా, 80 శాతం కంటే తగ్గినా సోలార్ రెండు సెకన్లలోగా లైను నుంచి విడిపోవాలి. 230 వోల్టులకు లెక్క కడితే పైన 253, కింద 184. వోల్టేజి కుదుటపడ్డాక నిమిషం ఆగి మళ్లీ కలుస్తుంది. కాబట్టి ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగుతోందంటే అది చెడిపోయినట్టు కాదు. లైనులో ఏదో తేడా ఉందని అది మనకు చెబుతోంది. ఆ హెచ్చరిక వినకుండా సెట్టింగు పైకి మార్చమని అడగకూడదు.

ఎలా గుర్తించాలి?

ముందు కంటితో, చెవితో చూడవలసినవి:

1. త్రీఫేజ్ మోటారు బాగా తిరుగుతూ, లైట్లు మాత్రం కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా వెలుగుతుంటే న్యూట్రల్‌ను అనుమానించాలి.

2. మోటారు గుర్రుమంటూ తిరగకుండా ఉంటే, ఒక ఫేజు లైట్లు అసలు వెలగకుంటే అది ఫేజు పోయిన గుర్తు. వెంటనే మోటారు ఆపాలి. లేకుంటే కాలుతుంది.

3. మోటారు గానీ, పెద్ద లోడు గానీ వేసినప్పుడు ఒక గదిలో లైటు తగ్గి ఇంకో గదిలో పెరిగితే అది న్యూట్రలే. లైను బలహీనంగా ఉంటే అన్ని గదుల్లోనూ ఒకేలా తగ్గుతుంది.

తరువాత మీటరు పెట్టి చూడాలి. ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. ఒక్కొక్క ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య వోల్టేజి చూసి రాసుకోవాలి. పాల కేంద్రంలో ఇన్వర్టర్ ఆగే ముందు తేలిన అంకెలు ఇవి: ఎరుపు 265, పసుపు 234, నీలం 215. ఫేజుల మధ్య మాత్రం మూడు జతలకూ 410 దాపునే ఉంది. ఫేజుల మధ్య సమంగా ఉండి, న్యూట్రల్‌తో చూస్తే మాత్రం ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గితే ఇక అనుమానం అక్కరలేదు, న్యూట్రల్ వదులైంది.

అలా కాకుండా 255, 256, 254 ఇలా మూడూ కలిసి పెరిగితే న్యూట్రల్ తప్పు కాదు. అప్పుడు సోలార్ ఆపి మళ్లీ చూడాలి. ఎనిమిది, పది వోల్టులు దిగితే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మన దాకా వచ్చే తీగె సన్నదనో, దూరం ఎక్కువనో అర్థం. దిగకుంటే లైనులోనే వోల్టేజి ఎక్కువ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్న షెడ్డులో లోడు లేనప్పుడు 250 ఉండటం మామూలే. అక్కడ సోలార్ కొంచెం నెట్టినా 253 దాటుతుంది. ఈ సంగతి డిస్కం ఇంజనీరుకు చెప్పి సరిచేయించాలి.

మూడు వేళల కొలత

న్యూట్రల్‌లో కరెంటు ఎక్కువగా ఉందని తేలితే అది ఎక్కడిదో కనిపెట్టాలి. దానికి టాంగ్ టెస్టర్ కావాలి. తీగెను కోయకుండా దాని చుట్టూ దవడలా పట్టి ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపే మీటరు ఇది. మూడు ఫేజులు, న్యూట్రల్, ఎర్త్ తీగె, ఈ అయిదింటినీ మూడు వేళల్లో చూసి రాయాలి.

మొదటిసారి: మధ్యాహ్నం, సోలార్ నడుస్తుండగా.

రెండోసారి: వెంటనే సోలార్ ఆపి, లోడు అలాగే ఉంచి.

మూడోసారి: చీకటి పడ్డాక, మన లోడంతా ఆపి.

సోలార్ ఆపగానే న్యూట్రల్ కరెంటు బాగా తగ్గితే, సోలార్‌ను ఫేజులకు సరిగా పంచలేదని అర్థం. పాల కేంద్రంలో 29 ఉన్నది 3కు దిగింది. నివారణ సులువే. మూడు ఇన్వర్టర్లను మూడు ఫేజులకు ఒక్కొక్కటిగా మార్చారు. అంతే, సోలార్ నడుస్తున్నప్పుడు కూడా న్యూట్రల్‌లో 3 దాటలేదు.

సోలార్ ఆపినా తగ్గకుండా, లోడు ఆపితేనే తగ్గితే మన సింగిల్ ఫేజ్ లోడు ఒకే ఫేజు మీద పడిందన్నమాట. లైట్లు, నీళ్ల మోటారు, హీటరు, మేత కోసే మిషను దేనికదే వేరే ఫేజుకు మార్చుకోవాలి.

మూడు ఫేజుల్లోనూ సమంగా ఉన్నా న్యూట్రల్‌లో కరెంటు కనిపిస్తే దానికి ఇంకో కారణం ఉంది. నాసిరకం ఎల్‌ఈడీ లైట్లు, చార్జర్లు, కంప్యూటర్లు వంటివి కరెంటును సాఫీగా కాక ముక్కలుగా తీసుకుంటాయి. అందువల్ల సెకనుకు 50 సార్లు ఊగే మామూలు కరెంటుకు తోడు 150 సార్లు ఊగే కరెంటు పుడుతుంది. ఇది మూడు ఫేజుల నుంచి వచ్చి న్యూట్రల్‌లో రద్దు కాదు, కూడుతుంది. ఫేజుకు 5 ఆంపియర్ల చొప్పున ఉంటే న్యూట్రల్‌లో 15 అవుతుంది. ఇలాంటి లోడు ఎక్కువగా ఉన్నచోట న్యూట్రల్ తీగె ఫేజు తీగె కంటే సన్నగా ఉండకూడదు.

చీకటి పడి మన లోడంతా ఆపినా ఎర్త్ తీగెలో కరెంటు కనిపిస్తే, షెడ్డు లోపల ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉండవచ్చు. పక్కవాళ్ల న్యూట్రల్ కరెంటు మన ఎర్త్ గుంత వెతుక్కుంటూ వస్తుంది. బోర్డులన్నీ విప్పించి ఆ కలయిక తీయించాలి.

సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నచోట

పెద్ద రైస్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సోలార్ కోసం వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. మన సరుకు దాచుకునేది అక్కడే కనుక ఈ సంగతీ తెలిసి ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చుట్లను స్టార్, డెల్టా అని రెండు రకాలుగా కడతారు. లైను వైపు స్టార్ కట్టి, దాని న్యూట్రల్‌ను లైను న్యూట్రల్‌తో కలిపి, సోలార్ వైపు డెల్టా కడితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఊరి లైనులో ఉన్న ఎగుడుదిగుడంతా తన మీద వేసుకుంటుంది. పొద్దు గుంకి సోలార్ ఆగినా న్యూట్రల్‌లో కరెంటు ఆగదు. ట్రాన్స్‌ఫార్మర్ రాత్రి కూడా వేడిగా ఉంటుంది. పలకలు, ఇన్వర్టర్లు ఎన్ని మార్చినా ఇది తగ్గదు. అందుకే రాత్రి కొలత తప్పనిసరి. ఆ న్యూట్రల్‌ను విడదీయాలా, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలా అన్నది డిస్కం అనుమతితో ఇంజనీరే తేల్చాలి. ఎవరికి వారు తీగె కోయకూడదు.

ఎర్త్ న్యూట్రల్‌కు బదులు కాదు

న్యూట్రల్ తెగినప్పుడు కొందరు ఎర్త్ కడ్డీకి తీగె కట్టి పని గడుపుకుంటారు. పొలాల్లో ఇది మరీ ఎక్కువ. ఇది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఎండిన నేలలో ఎర్త్ నిరోధం 20 ఓంలు ఉందనుకోండి. 230 వోల్టులు తగిలితే దానిలో పోయేది 11 ఆంపియర్లే. 30 ఆంపియర్ల ఫ్యూజు పోదు. కరెంటు ఆగదు. కడ్డీ చుట్టూ నేల మాత్రం కరెంటుతో ఉంటుంది. పశువు ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు దూరం ఎక్కువ కాబట్టి మనిషి కంటే ముందు పశువు పడిపోతుంది. వానాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మేస్తూ ఆవులు చనిపోవడానికి ఇదీ ఒక కారణమే.

చావు దాకా పోకున్నా, పాకలోని ఇనుప తొట్టికి, నేలకు మధ్య నాలుగైదు వోల్టులు ఉంటే చాలు, ఆవు నీళ్లు తాగడానికి జంకుతుంది. పాలు పిండేటప్పుడు కాళ్లు ఆడిస్తుంది, పాలు ఎగచిక్కుతుంది. మేత, మందు అన్నీ సరిగా ఉన్నా పాలు తగ్గితే ఒకసారి తొట్టి దగ్గర మీటరు పెట్టించి చూడటం మంచిది.

ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు విడివిడిగా రెండు ఎర్త్‌లు ఉండాలన్నది నిబంధన. ఒకటి తెగినా రెండోది కాపాడుతుంది. మన దగ్గర చాలాచోట్ల ఒకటి తుప్పు పట్టి తెగి ఉంటుంది, రెండోది ఎండి ఉంటుంది. వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయించాలి. మీ షెడ్డు ఎర్త్ గుంతకు ఆ పని మీరే చేసుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ గుంత సంగతి లైన్‌మన్‌కు చెప్పాలి.

తప్పక పాటించవలసినవి

* ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కడం, న్యూట్రల్ నట్టు మనమే బిగించడం చేయవద్దు. తెగిన న్యూట్రల్ కొస పట్టుకున్నా ఫేజు పట్టుకున్నట్టే షాకు కొడుతుంది.

* న్యూట్రల్‌కు ఫ్యూజు పెట్టకూడదు. ఫ్యూజు పోతే న్యూట్రల్ తెగినట్టే.

* మెయిన్ ఆపినా సోలార్ పలకల తీగెల్లో ఎండ ఉన్నంతసేపూ వందల వోల్టులు ఉంటాయి. ముందు లైను వైపు స్విచ్చి, తరువాత పలకల వైపు స్విచ్చి ఆపాలి. లోడులో ఉండగా పలకల ప్లగ్గులు లాగితే మంట లేస్తుంది.

* డీజిల్ జనరేటరు ఉంటే నాలుగు పోల్ చేంజోవర్ స్విచ్చి వాడాలి. అప్పుడే ఫేజులతో పాటు న్యూట్రల్ కూడా మారుతుంది. లేకుంటే స్తంభం మీద ఉన్న లైన్‌మన్‌కు ప్రమాదం.

* వోల్టేజి పెరిగితే తానే ఆపే రిలే ఒకటి కంట్రోలు బోర్డుకు ముందు పెట్టించాలి. బోర్డు ఖరీదు, ఒక పూట పాల ఖరీదు ముందు ఇది ఎంతో కాదు.

సోలార్ పెట్టించే ముందు అడగవలసినవి

కంపెనీవాళ్లతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ మాటలు అడగండి. ఇన్వర్టర్ త్రీఫేజా, సింగిల్ ఫేజా? సింగిల్ ఫేజువైతే ఏది ఏ ఫేజుకు కలుపుతారు? పెట్టకముందు, పెట్టాక న్యూట్రల్ కరెంటు కొలిచి కాగితం మీద రాసి ఇస్తారా? మా ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏ, దాని న్యూట్రల్, ఎర్త్‌లు చూశారా? సమాధానాలు రాతపూర్వకంగా తీసుకుంటే రేపు "మా తప్పు కాదు" అనే మాటకు తావుండదు.

సంఘంలో ఒక నోటుపుస్తకం పెట్టండి. వారానికి ఒకసారి మధ్యాహ్నం మూడు ఫేజుల వోల్టేజి రాయండి. ఇన్వర్టర్ తెర మీద ఆ అంకెలు కనిపిస్తాయి కాబట్టి దేన్నీ విప్పనక్కరలేదు, ఎవరైనా రాయవచ్చు. ఒక ఫేజుకు, ఇంకో ఫేజుకు తేడా వారం వారం పెరుగుతోందంటే న్యూట్రల్ వదులవుతోందన్నమాట. అప్పుడే 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తేదీ, సమయం, మూడు అంకెలు చెప్పండి. "కరెంటు సరిగా లేదు" అని చెప్పేదానికి, "ఎరుపు 265, నీలం 215 ఉంది, న్యూట్రల్ చూడండి" అని చెప్పేదానికి చాలా తేడా ఉంది.

పలమనేరు వైపు పాల కేంద్రంలో లైన్‌మన్ సప్లై ఆపి, మాడిన తీగె కొస కోసి, కొత్త బైమెటల్ క్లాంపు బిగించాడు. ఇన్వర్టర్లను మూడు ఫేజులకు మార్చారు. ఆ రెండు పనులకూ అయిన ఖర్చు పోయిన పాల విలువలో పదోవంతు కూడా కాదు. ఇప్పుడు కేంద్రం గోడకు నోటుపుస్తకం వేలాడుతోంది. వారం వారం దానిలో అంకెలు రాస్తున్నది పాలు కొలిచే అమ్మాయే.